పిరికితనం కాదు

"ఒక్క గుక్క తాగవే. గుండె దిటవు చేసుకుంటే సగం రోగం పోతుంది," అంది అక్క, పాలగ్లాసు పట్టుకుని. ఎప్పుడూ పాటలు పాడుతూ బట్టలు కుట్టే చెల్లెలు ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"ఆమెను తప్పుపట్టకండమ్మా," అంది డాక్టరమ్మ. "కడుపులో ఉన్న క్యాన్సర్ గడ్డ ఒంట్లోని హార్మోన్లను తారుమారు చేసి మనసును కుంగదీస్తుంది. ఆ దిగులు కూడా చాలావరకు జబ్బు పనే."

"అయితే మందుందా?" అంది అక్క.

"దిగులుకి ఇస్తాను. గడ్డకి మాత్రం... ఇక లేదమ్మా."

చెల్లెలు మెల్లగా ఇటు తిరిగింది. "అయితే నేను పిరికిదాన్ని కాదన్నమాట."

అక్క పాలగ్లాసు పక్కన పెట్టేసింది. ఇన్నాళ్లూ తను ఇవ్వగలిగిన మందల్లా ఆ ధైర్యం మాటే. అదే చెల్లెలికి ములుకులా గుచ్చుకుందని ఇప్పుడు తెలిసింది.

"ఇక నాకు ధైర్యం చెప్పకక్కా."

"చెప్పనులేవే," అంటూ అక్క మంచం మీద ఆమె పక్కనే ఒరిగి, మొదటిసారి ఆమె ముందు ఏడ్చింది.