కాకి ముట్టని ముద్ద

"కా... కా..." అని పిలిచి పిలిచి యుగంధర్ గొంతు బొంగురుపోయింది. సెక్టర్ 7 క్వార్టరు పెరటి గోడమీద అరిటాకులో పిండం పెట్టింది పెట్టినట్టే ఉంది. వేపచెట్టు నిండా కాకులే. ఒక్కటీ దిగదే!

వరలక్ష్మమ్మ గుమ్మంలో కూర్చుని పెద్దకొడుకునీ కాకుల్నీ మార్చి మార్చి చూస్తోంది. చిన్నవాడు సుభాష్ పక్కనున్న జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికిందంటూ సైకిలెక్కి వెళ్లి పన్నెండేళ్లయింది. మళ్లీ కబురు లేదు. పన్నెండేళ్లు నిండితే పోయినట్టే లెక్క, కర్మ చేసెయ్యమన్నారు పెద్దలు. ఆమె మాత్రం ఇవాళ్టికీ గేటు గడియ పెట్టనివ్వదు. వాడొస్తే తలుపు తట్టే పని ఉండకూడదట!

"నానమ్మా, ముట్టడం మతలబ్ ఏటి? ఛూనా?" అడిగింది హిందీ బళ్లో చదివే మనవరాలు కృష్ణప్రియ.

దక్షిణామూర్తి పంతులు అందుకున్నాడు. "ఛూనాయే, తాకడమే గానీ, కాలు తగిల్తే లెక్క కాదమ్మా. ముక్కుతో పొడవాల, మెతుకు చెదరాల. అప్పుడే ముట్టినట్టు. మీ బాబాయికి చేరినట్టు."

"ముట్టకపోతే?"

"కోరికేదో ఉండిపోయినట్టు. మనిషి ఇంకా బతికే ఉన్నాడనీ అంటారు కొందరు. చాదస్తంలే."

యుగంధర్ చేతులు జోడించాడు. "తమ్ముడూ, ఆ రోజు నిన్ను తిట్టాను, తప్పయిపోయిందిరా! అమ్మని నేను చూసుకుంటాను. ముట్టరా!"

ఓ కాకి దిగింది. వరలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాకి ఆకు చుట్టూ తిరిగి, పిండాన్ని ఓరగా చూసి, ముక్కు గోడకేసి అటూ ఇటూ రాసుకుని ఎగిరిపోయింది.

"అరే, ముక్కు తుడుచుకుని పోయింది!" అంది కృష్ణప్రియ.

మధ్యాహ్నం దాటాక పంతులు దర్భలు తీశాడు. "దర్భకాకిని చేసి ముట్టించేద్దాం బాబూ."

"వద్దు!" వరలక్ష్మమ్మ గుమ్మంలోంచి లేచింది. "వాడి మనసులో ఏటుందో... బలవంతం వద్దు. వచ్చే ఏడు చూద్దాం."

తల్లి బాధ చూడలేక యుగంధర్ కళ్లొత్తుకుని సరేనన్నాడు. పంతులు సంచీ సర్దుకున్నాడు.

వరలక్ష్మమ్మ వంటింట్లోకి వెళ్లి పెద్ద తపేలా తోముతూ కూర్చుంది. వెనకాలే కృష్ణప్రియ వచ్చింది.

"భూఖ్ లగింది నానమ్మా! చీకటితోనే లేచి దీన్నిండా అన్నం వండావు కదా, ఏదీ?"

అదంతా ఆమె తెల్లారేసరికే కాకులకి పెట్టేసింది.