బాదం గింజ ఎవరికొచ్చింది

"నడిచి పోదాం. ఇక్కడే కూర్చుంటే నౌకతో పాటు మనమూ నుగ్గునుగ్గవుతాం," అన్నాడు తోర్గేర్, బల్ల గుద్ది.

"ఉందాం. ఇక్కడ వేసవి ఇప్పుడే కదా, ఫిబ్రవరిలో మంచు విడుతుంది," అన్నాడు కెప్టెన్ హాల్వర్, ఆ వారంలో ఆరోసారి.

దక్షిణ ధ్రువం చూద్దామని బయలుదేరిన ఆ నార్వే నౌక మంచులో ఇరుక్కుని నలభై రోజులైంది. మనుషులు పదకొండు మంది. వంటవాడు ఓలుఫ్‌ను పక్కన పెడితే కెప్టెన్‌తో కలిపి అటు ఐదుగురు, తోర్గేర్‌తో కలిపి ఇటు ఐదుగురు. తోర్గేర్ హోదాలో కెప్టెన్ తరవాతివాడు, లెక్కల మనిషి. మంచు అయిపోయి నీళ్ళు మొదలయ్యే చోటు తొంభై మైళ్ళు. పడవలు ఈడ్చుకుంటూ రోజుకు మూడు మైళ్ళు. అంటే ముప్పై రోజులు. లాక్కెళ్ళగలిగిన తిండి ముప్పై ఆరు రోజులకు. ఆరు రోజులు మిగులు. ఆ లెక్కంతా ఒక కాగితం మీద రాసి అందరికీ చూపించేవాడు.

"పోనీ మీరు ఉండమని హుకుం వేయండి. సగం మంది వినరు. అదీ లెక్కే," అన్నాడు తోర్గేర్.

కెప్టెన్ గడ్డం గోక్కున్నాడు. "ఇవాళ క్రిస్మస్. ఓలుఫ్, పాయసంలో బాదం గింజ వేస్తున్నావా?"

"వేయకపోతే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది," అన్నాడు ఓలుఫ్ వంటగదిలోంచి.

"ఏటా అది దొరికినవాడికి చక్కెరతో చేసిన పంది బొమ్మ ఇస్తాం. ఈసారి పంది లేదు, నౌక ఇస్తాను. గింజ ఎవరికొస్తే వాడే కెప్టెన్. వాడు ఉండమంటే ఉందాం, నడవమంటే నడుద్దాం. నాకొస్తే నా మాట, నీకొస్తే నీ మాట. ఆ తరవాత వాదం లేదు."

అందరూ సరేనన్నారు. పదకొండు ప్రాణాలను ఒక గింజకు కట్టడం తోర్గేర్‌కు నచ్చలేదు. కానీ సగానికి సగం అవకాశం వదులుకోవడమూ నచ్చలేదు.

గింజ వేసేవాడికి పందెంలో వాటా లేదు. మిగిలిన పదిమంది గిన్నెలూ ఓలుఫే నింపి తెచ్చాడు. డబ్బాపాలు, దాల్చినచెక్క పొడి, పైన ఇంత వెన్న. గింజ దొరికినవాడు దాన్ని బుగ్గన దాచి, అందరి గిన్నెలూ ఖాళీ అయ్యాక బయటపెట్టాలి. ఇంటి దగ్గరా అంతే.

నాలుగో చెంచాలో తోర్గేర్ పంటికింద ఏదో గట్టిగా తగిలింది.

ముందు ఒళ్ళంతా పొంగిపోయింది. గెలిచాననుకుని తలెత్తాడు. ఎదురుగా తెరచాపలు కుట్టే ఆస్లాక్ తాత, వాచిన కాళ్ళు బల్ల కింద చాపుకుని గిన్నె నాకుతున్నాడు.

"ఏరా, నా మొహంలో ఏముంది? నీ గిన్నె చూసుకో."

కాగితం మీద తాతను నడిచేవాళ్ళలో రాశాడు. తాత నడవలేడు. బండి మీద వేసుకుని లాగాలి. అప్పుడు రోజుకు రెండు మైళ్ళే. నలభై ఐదు రోజులు. తిండి ముప్పై ఆరుకే. వాదించడానికి ఆ తప్పు లెక్క బాగానే పనికొచ్చింది. ఇప్పుడు దాని కింద సంతకం పెట్టాల్సింది తను. పోనీ ఉండమంటే, రేపు మంచు విడవకపోతే ఆ పాపమూ తనదే.

తోర్గేర్ గింజను నమలకుండా మింగేశాడు.

"గిన్నెలు ఖాళీ. గింజ బయటపెట్టండి," అన్నాడు కెప్టెన్.

ఒకరి గిన్నెలోకి ఒకరు తొంగి చూశారు.

"తోర్గేర్, నీకా?"

"నాకు రాలేదు. మీకేమో?"

"నాకూ రాలేదు," అన్నాడు కెప్టెన్ మీసం తుడుచుకుంటూ. "ఓలుఫ్, అసలు వేశావా?"

"వేశాను. కావాలంటే బైబిల్ పట్టుకురండి, ఒట్టేస్తాను."

"ఎవడికి దొరికిందో గాని బుద్ధిమంతుడు. కడుపులో దాచుకున్నాడు," అన్నాడు ఆస్లాక్.

ఒకడు కిసుక్కుమన్నాడు. పక్కవాడు అందుకున్నాడు. కాసేపటికి బల్ల చుట్టూ కళ్ళు తుడుచుకోనివాడు లేడు.

"అయితే నడవమని ఎవరూ అనలేదన్నమాట," అన్నాడు కెప్టెన్.

"ఉందాం," అన్నాడు తోర్గేర్ అందరికంటే ముందు.

అక్కడ వేసవిలో పొద్దుగుంకదు. ఆ నడిరాత్రి ఎండలో అకార్డియన్ వాద్యం మంచు మీదికి దిగింది. వారం రోజులుగా మొహాలు చూసుకోనివాళ్ళు జంటలు కట్టి చిందులేశారు. ఆస్లాక్ తాత పెట్టె మీద కూర్చుని తాళం వేశాడు. మర్నాడు అందరూ కలిసి వేటకు పోయి నాలుగు సీల్ జంతువులను కొట్టుకొచ్చారు. ఇరవై రోజుల తిండి. ఇన్నాళ్ళూ ఈ పని ఎందుకు చేయలేదో తోర్గేర్ లెక్కకు అందలేదు.

మూడో రోజు ఇక కడుపులో దాగక వంటగదిలోకి వెళ్ళి తలుపు వేశాడు.

"ఓలుఫ్, నీకొక్కడికే చెబుతున్నా. ఆ గింజ నాకే వచ్చింది. మింగేశాను. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్."

ఓలుఫ్ మాంసం కోస్తూ తలెత్తలేదు. "నువ్వు పదోవాడివి."

"పదోవాడినేంటి?"

"ఒకటి వేద్దామనే సీసా తీశాను. ఇంత బరువు ఒక్కడి నెత్తినా అనిపించింది. పది గిన్నెల్లోనూ వేశాను. నీకంటే ముందు తొమ్మిదిమంది వచ్చి ఇదే మాట చెప్పి, ఇదే ఒట్టు వేయించుకుని పోయారు. ఇక దాచడానికి ఎవరూ మిగల్లేదు."

తోర్గేర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

"మరి కెప్టెన్?"

"అందరికంటే ముందు వచ్చింది ఆయనే."