నెత్తిమీద ఎర్ర శిలువ

1518, మైకేల్ పండగ రోజు. కొత్త బొమ్మ మీది తెర తీయగానే జర్మన్ పట్నం రేగెన్స్‌బుర్గ్ చర్చిలో జనం నోళ్లు వెళ్లబెట్టారు.

చిత్రకారుడు యోబ్స్ట్ రంగుల విషయంలో పిసినారి కాదు. ఆకాశానికి నారింజ రంగు పులిమాడు. దేవదూతల రెక్కలు చిలకపచ్చ. కింద మోకరిల్లి ఉన్నది, ఆరేళ్ల కిందట కాలం చేసిన బీరు బట్టీ యజమాని లీన్‌హార్ట్, పక్కన ఆయన భార్య వాల్పుర్గా, వెనక ఆయన తమ్ముడి కొడుకులు ఫైట్, యోర్గ్. ఆ అన్నదమ్ముల ముఖాల్లోని భక్తి మాత్రం పూర్తిగా చిత్రకారుడి కల్పనే.

బొమ్మ వేయించి చర్చికి ఇచ్చింది వాళ్లే. పెదనాన్న మీద ప్రేమతో అనుకునేరు, బట్టీ మీద ప్రేమతో. వాల్పుర్గా తదనంతరం బట్టీ వాళ్లదేనని లీన్‌హార్ట్ వీలునామా రాశాడు. రాసి, చివర్లో ఒక మెలిక పెట్టాడు. వాళ్లు ఆమె చావు కోరినట్టు నలుగురిలో తేలితే, బట్టీ ఆమె తనకిష్టమైనవాళ్లకు ఇచ్చుకోవచ్చు. అందుకే ఆరేళ్లుగా ఇద్దరూ పెద్దమ్మ అడుగులకు మడుగులొత్తుతున్నారు.

డెబ్బై ఏళ్ల వాల్పుర్గా బొమ్మ దగ్గరికి వెళ్లింది. మెడ సాచి అటూ ఇటూ చూసింది.

“రంగులు బాగున్నాయి,” అంది. ఇంకాస్త ముందుకు వంగింది. “మీ పెదనాన్న ముక్కు అచ్చం అలాగే ఉందర్రా.”

ఉన్నట్టుండి గావుకేక పెట్టింది.

“ఓరి మీ దుంపతెగ! నా నెత్తిన శిలువేమిట్రా?”

జనం తొంగి చూశారు. ఇలాంటి బొమ్మల్లో పోయినవాళ్ల తల పైన చిన్న ఎర్ర శిలువ వేస్తారు. లీన్‌హార్ట్ తల పైన ఒకటుంది, సబబే. వాల్పుర్గా తల పైన కూడా ఒకటుంది.

“నేను చచ్చానా? మరి పొద్దున మీ ఎదురుగా కూచుని మూడు సాసేజీలు మింగిందెవర్రా, దయ్యమా?”

“ఒట్టు పెద్దమ్మా, మాకేం తెలీదు!” ఫైట్ చేతులు జోడించి, చిత్రకారుడి వైపు తిరిగాడు. “ఏయ్ రంగులోడా, నువ్వయినా చెప్పు! ఎవడు వెయ్యమన్నాడు నిన్ను?”

యోబ్స్ట్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

“సొంత పైత్యం నాకు లేదు బాబూ. డబ్బిచ్చినవాళ్లు ఎలా చెప్తే అలా వేస్తాను.”

జనమంతా అన్నదమ్ముల వైపు తిరిగారు. “సిగ్గు లేదూ!” అన్నారెవరో. యోర్గ్ భోరుమన్నాడు. పాపం, నిజమైన ఏడుపే. ఆరేళ్లుగా అతని దొంగ ఏడుపులు చూసినవాళ్లు దీన్నీ అదే గాటన కట్టారు.

వీళ్లు పెద్దమ్మ చావు కోరారని ఊరి పెద్దలు అక్కడికక్కడే సాక్షి సంతకాలు పెట్టారు. సాయంత్రానికల్లా బట్టీ కునిగుండ పేరు మీదికి మారింది. ఇరవై ఏళ్లుగా అక్కడ పొగ మింగుతూ బీరు కాస్తున్న పనిమనిషి ఆమె. కాగితం చేతిలో పెడితే నమ్మలేక నేల మీద చతికిలబడింది.

మర్నాడు పొద్దున్నే వాల్పుర్గా యోబ్స్ట్ ఇంటికి వచ్చింది. శిలువ చెరిపించడానికి వచ్చిందనుకుని అతను కుంచె అందుకున్నాడు. ఆమె పీట మీద కూలబడి, విసుగ్గా అంది:

“ఎరుపు కాస్త దట్టంగా వెయ్యవయ్యా అని అన్నిసార్లు చెప్పానా, ఆ దిక్కుమాలిన శిలువ ఎక్కడ పెట్టావో వెతుక్కోలేక అరవడం ఎంత ఆలస్యమైందో చూశావా?”