వెనక పిలుపు

"ఏమండీ, ఆగుండ్రి!"

విమానం వైపు నడుస్తున్న పాండురంగం గిర్రున తిరిగాడు. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలిస్తే తిరిగి రాడని కమలాబాయి భయం. యాభై ఏళ్ళ కాపురంలో ఆమె అలా పిలవడం ఇదే మొదటిసారి.

"ఫస్ట్ టైమ్ ఎగరబోతుంటే ఎనకకెల్లి పిలుస్తరానే?"

కమలాబాయి చిన్న గాజుసీసా పైకెత్తింది. పరీక్షకని ట్యాంకులోంచి ఆయనే పట్టి ఇచ్చిన పెట్రోలు అది. నీళ్ళలా తేటగా ఉంది.

"ఆయిలు కలిపితే నీలం రంగు రావాలంటిరి కద?"

పాత కారు రోటరీ ఇంజనును గ్యారేజీలో ఆయనే విమానానికి అమర్చాడు. ఇంజనుకు ఆయిలు అందించే పంపు బరువని తీసేశాడు. ఇక ప్రతిసారీ పెట్రోల్లో చేత్తో కలపాల్సిందే. మరిచిపోతే ఇంజను గాల్లోనే ఆగిపోవచ్చు.

"పొద్దున్నే మిక్స్ చేసిన. నువ్వే కద ఆయిలు డబ్బా అందిచ్చినవ్!"

"నేను అందియ్యలే. డబ్బా సీలు గూడ తియ్యలే, చూడుండ్రి."

పాండురంగం ఆమె చూపిన డబ్బా సీలును వేలితో తడిమి చూశాడు. మళ్ళీ తడిమాడు.

"పోనీ, పంపు మళ్ల బిగియ్యుండ్రి" అంది కమలాబాయి. "దానికి వేరే ఆయిలు ట్యాంకు పెట్టుండ్రి. ఎవ్వలు యాది పెట్టుకునే పనుండది."

"ఇంజనుకు పెడ్త. నాకేం పెట్టాలె, కమలా?"

ముప్పై ఏళ్ళు మతిమరుపు రోగులను చూసిన డాక్టరు ఆయన.

ఇన్నాళ్ళూ ఆమె విమానానికే భయపడింది. ఇప్పుడు ఆయన వేళ్ళ మధ్య నుంచి విమానం తాళంచెవి మెల్లగా తీసుకుంది.

ఆయన వద్దనలేదు.