పరీక్ష ఈగ

"ఇదిగోండి, మీ ఈగ!" అంటూ ఒనోఫ్రే జిగురు అట్టను ఇంజినీరమ్మ బల్ల మీద, సరిగ్గా ఆవిడ సంతకాలు పెడుతున్న కాగితాల మీదే పడేశాడు.

ఫ్రెసియా బారియెంతోస్ చేతిలో కలం ఆగింది. కురికో ఊరి చుట్టుపక్కల చెర్రీ తోటలకు ఎగుమతి పత్రాలిచ్చే సర్కారు కార్యక్రమానికి ఆవిడే అధిపతి. పళ్ళలో గుడ్లు పెట్టి పంటను పాడుచేసే పండు ఈగ ఈ లోయలో లేదని ఆవిడ సంతకం పెడితేనే చెర్రీలు చైనా ఓడ ఎక్కుతాయి. ఒక్క ఈగ, ఒకే ఒక్కటి, బోనులో పడిందంటే చుట్టూ ఏడు కిలోమీటర్ల మేర ఒక్క పెట్టె కూడా కదలదు.

అందుకే ఊళ్ళలో పెరటి చెట్లకు జిగురు పూసిన అట్ట బోన్లు వేలాడదీస్తారు. వారం వారం వెళ్ళి వాటిని చూసి రావడం ఒనోఫ్రేలాంటి వాళ్ళ పని. వీళ్ళు నిజంగా చూస్తున్నారో, ఏ చెట్టు కిందో కునుకు తీసి వస్తున్నారో తేల్చుకోవడానికి ఇంజినీరమ్మ అప్పుడప్పుడూ చెప్పాపెట్టకుండా తనే వెళ్ళి, ఓ చచ్చిన ఈగను బోనులో అంటించి వస్తుంది. పోయిన నెల అలా పెట్టిన ఈగ ఒనోఫ్రే కంట పడలేదు. ఆవిడ అందరినీ పిలిచి, అతని చేతికి చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఇచ్చింది. "ఇందులో ఈగ ఎక్కడుందో చూపించండి, దోన్ ఒనోఫ్రే" అంది, పెద్దవాళ్ళను పిలిచే ఆ "దోన్" మర్యాద మాత్రం తప్పకుండా. అరవై నాలుగేళ్ళ మనిషి పేజీలు తిప్పుతుంటే తోటివాళ్ళు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. ఇంకొక్కటి వదిలేస్తే ఇంటికేనని కూడా చెప్పింది. రిటైరవడానికి అతనికింకా ఎనిమిది నెలలున్నాయి.

అప్పట్నుంచి ఒనోఫ్రే ప్రతి అట్టనూ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూశాడు. ఇవాళ దొరికింది.

"ఎక్కడ?" అంది ఫ్రెసియా. గొంతు ఎందుకో బాగా తగ్గింది.

"ఏమీ తెలీనట్టు అడుగుతారే! దోన్యా ఎదెల్మిరా పెరట్లో, నిమ్మచెట్టు మీద. ఆకుల మాటున పెడితే ఈ ముసలాడికేం కనపడుతుందిలే అనుకున్నారా?"

ఆవిడ భూతద్దం తీసుకుని అట్ట మీదికి వంగింది. లేచేసరికి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఒనోఫ్రే ప్రాణం లేచొచ్చింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు మరి!

"ఇంకెవరైనా చూశారా?"

"ఎవరు చూస్తారు? బోను విప్పిందీ నేనే, పట్టుకొచ్చిందీ నేనే. కావాలంటే ఇప్పుడే అందర్నీ పిలుస్తాను. ఆ రోజు మీరు పిలిచారుగా!"

"వద్దు."

ఆ మాట బతిమాలినట్టే ఉంది. ఇంతటి మనిషిని తను బతిమాలించుకున్నాడు! అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ నెల రోజులుగా కడుపులో మండుతున్న మంట అంత తేలిగ్గా చల్లారుతుందా? అతను బొటనవేలు ఈగ మీద పెట్టి, రెక్కా కాలూ ఆనవాలు లేకుండా జిగురులోకి రాసి రాసి నలిపేశాడు.

"మీ పరీక్షకి నా మర్యాద ఇదీ!" అని వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఫ్రెసియా ఆ మరక వంక చూసింది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలి, నిదానంగా నవ్వింది.

"పరీక్ష ఈగను చెక్కుచెదరకుండా ల్యాబుకి పంపాలన్న సంగతి తెలుసా, దోన్ ఒనోఫ్రే?"

"తెలుసు. కానీ దొరికింది కదండీ. మీరే కళ్ళారా చూశారు."

"నేనేం చూశాను? అట్ట మీద మరక చూశాను." ఆవిడ తెల్లకాగితం, కలం ముందుకు తోసింది. "రాయండి. ఇంజినీరు పెట్టిన పరీక్ష ఈగను కోపం పట్టలేక నా చేత్తో నేనే నలిపేశాను."

ఒనోఫ్రే కలం అందుకోబోయి ఆగాడు. "రాస్తే... ఉద్యోగం ఉంటుందా అమ్మా?"

"రాస్తే పోలీసుల దాకా పోదు."

అతను రాశాడు. సంతకం చేశాడు. ఆవిడ అక్షరం అక్షరం రెండుసార్లు చదువుకుని, కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది.

"రేపట్నుంచి రానక్కర్లేదు."

"ఎనిమిది నెలలమ్మా! ఎనిమిదే నెలలు! మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళు పట్టుకోవడానికి ముందు చేతులు కడుక్కోవాలి" అంది ఫ్రెసియా. జిగురు అట్టను నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుని, మళ్ళీ సంతకాలు మొదలుపెట్టింది. ఓడ సాయంత్రానికే బయల్దేరుతుంది.

బయట ఎండ మాడ్చేస్తోంది. డ్రైవరు నిబాల్దో జీపు అద్దం తుడుస్తున్నాడు. పరీక్ష ఈగలు పెట్టడానికి ఇంజినీరమ్మను రహస్యంగా తిప్పేది అతనొక్కడే. అతన్ని చూడగానే ఒనోఫ్రేకి దుఃఖం, కోపం కలిసి తన్నుకొచ్చాయి.

"నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయట్రా? ఎదెల్మిరా ఇంట్లో ఈగ పెట్టించావుగా, ఒక్క ముక్క చెవినేస్తే నీ సొమ్మేం పోయేది? నా ఉద్యోగం తినేసింది ఆ పరీక్ష ఈగ!"

నిబాల్దో గుడ్డను భుజాన వేసుకున్నాడు.

"పరీక్ష ఈగ ఎక్కడిది పెద్దాయనా? ఉన్న ఆఖరిదాన్ని ఇంజినీరమ్మ పోయిన నెల మీ బోనులోనే పెట్టింది. కొత్తవి శాంటియాగో నుంచి ఇంకా రానేలేదు."