రాజ్యం ఎందుకు?

“రాజ్యం ఎందుకమ్మా ఉండేది?”

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో సివిల్స్ మాక్ ఇంటర్వ్యూ. అడిగింది పాలిటీ చెప్పే భానుమూర్తి మాస్టారు. ఎదురుగా రెండేళ్ళు ఆయన క్లాసులు విన్న ప్రవీణ. ఆమెకిదే ఆఖరి ఛాన్సు.

“సేవలు ఫాస్ట్‌గ అందియ్యనీకి సార్. యాప్, డాష్‌బోర్డ్, టార్గెట్...”

ఆయన బల్ల చరిచాడు. “ఊరికే బతకడానికి కాదు, మంచి మనుషులుగా బతకడానికి రాజ్యం ఉందని గ్రీకులు ఏనాడో చెప్పారు! ఈ కాలం పౌరుణ్ణి కస్టమర్ని చేసి కూర్చోబెట్టింది. మీ తరమేమో ఆ పాత పుస్తకాల మొహం కూడా చూడదు.”

ప్రవీణ సంచిలోంచి ఆయనిచ్చిన జిరాక్స్ నోట్స్ తీసి ఒక పేజీ తెరిచింది. ‘ప్రాచీన రాజనీతి’ పాఠం మీద ఈ చివర నుంచి ఆ చివరికి అడ్డగీత. పక్కన ఆయన దస్తూరీ: ‘ప్రిలిమ్స్‌లో రాదు. వదిలేయండి.’

“మీరే కొట్టేసిన్రు సార్.”

“అది... టైం చాలదని కొట్టేశానమ్మా.”

ఆమె పెన్ను తీసింది. “ఇప్పుడు చెప్పుండ్రి సార్, రాసుకుంట. ఇంటర్వ్యూల గిది అడుగుతరా?”

భానుమూర్తి ఆ గీత మీద వేలు పెట్టాడు.

“అడగరు.”

ప్రవీణ పెన్నుకు క్యాప్ పెట్టేసింది.