జేబులో కాగితం

"పెద్దాయనా, మళ్ళీ జేబులో కాగితం మరిచిపోయారు!"

లాండ్రీ యజమాని ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాను కౌంటరు మీద పెట్టాడు. ఉతికే ముందు జేబులోంచి తీసిన మడత కాగితాన్ని దానికే గుండుసూదితో గుచ్చి ఉంచాడు.

"మరిచిపోలేదు నాయనా. నువ్వు చదువుతావని ఉంచాను."

"కస్టమర్ జేబులో దొరికింది మేం చదవమండీ. మా నాన్న కాలం నుంచీ అదే పద్ధతి."

"పోనీ చదవొద్దులే, నేనే చెబుతా విను."

"కౌంటరు దగ్గర రాజకీయాలు వద్దు పెద్దాయనా."

పద్ధతి మాట నిజమే. గుండీ దొరికినా, ప్రేమలేఖ దొరికినా విప్పి చూడకుండా తిరిగిచ్చే షాపు అది. కానీ ఈ కాగితం విషయంలో పద్ధతి కంటే భయమే ఎక్కువ పనిచేసింది.

ఆ పెద్దాయన రోజూ ఎదురుగా ఉన్న సైనిక క్యాంపు గేటు ముందు అట్ట పట్టుకుని నిలబడతాడు. 'ఐదేళ్ళన్నారు. ముప్పై ఏళ్ళయింది. ఇక మీ దేశానికి వెళ్ళండి' అని దాని మీద రాసి ఉంటుంది.

వానకి చూరు కింద నిలబడతానని వచ్చి నట్టింట్లో మంచం వేసుకున్నట్టు, పరాయి దేశపు సైన్యం అక్కడే స్థిరపడిపోయింది. ఇక్కడివాళ్ళూ అలవాటు పడ్డారు. లాండ్రీ యజమాని మరీ అలవాటు పడ్డాడు. ఆయన ఉతికే బట్టల్లో ముప్పాతిక వంతు వాళ్ళ యూనిఫారాలే.

పెద్దాయనకి ఉన్నది ఒకటే మంచి చొక్కా. నెలకోసారి తెచ్చిస్తాడు, మర్నాడు పట్టుకెళ్తాడు, ఆ మర్నాడు తొడుక్కుని ఎక్కడికో వెళ్ళొస్తాడు. అందుకే వీధంతా ఆయన్ని 'ఒంటిచొక్కా' అంటుంది. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడు లాండ్రీ యజమానే.

"ఎప్పుడో పోయిన తన ఇంటి కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్నాడట. గోడకేసి తల కొట్టుకుంటే నొప్పి ఎవరికి?" అన్నాడు ఆ రోజు భార్యతో.

"ఆ కాగితం చదివితే ఏం పోయింది? కరుస్తుందా?" అంది ఆవిడ.

"చదివితే సంతకం అడుగుతాడు. సంతకం పెడితే క్యాంపు బట్టలు పోతాయి. అప్పుడు కూర్చుని నా చొక్కా, నీ దుప్పటీ ఉతుక్కోవాలి!"

ఆవిడ నవ్వలేదు.

కొన్నాళ్ళకి క్యాంపు బట్టలు చూసే సూపర్‌వైజర్ షాపులోకి వచ్చాడు. హ్యాంగర్ల వరస చూసి కనుబొమలు ముడిచాడు.

"గేటు దగ్గరి ముసలాయన చొక్కా మీరే ఉతుకుతారటగా?"

"అబ్బే... ఇక ఉతకం సార్. ఇదే చివరిసారి."

ఆ తరువాతి సోమవారం పెద్దాయన మళ్ళీ చొక్కాతో వచ్చాడు. చొక్కా జేబు ఎత్తుగానే ఉంది.

"ఎల్లుండి వాయిదా ఉంది నాయనా. ఈసారైనా చదువు. ఇదే ఆఖరు."

లాండ్రీ యజమాని యూనిఫారం మడత పెడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"నాకూ ఇదే ఆఖరండీ. వచ్చే నెల నుంచి మీ చొక్కా ఇంకెక్కడైనా ఇచ్చుకోండి."

పెద్దాయన చొక్కాను కౌంటరు మీద పెట్టాడు.

"సరే నాయనా. గంజి కాస్త తక్కువ పెట్టు. కాలరు మెడకి ఒరుసుకుంటోంది."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది యజమానికి. ఆ విసుగులో గంజి ఇంకా ఎక్కువే పెట్టాడు.

మంగళవారం పెద్దాయన రాలేదు. గేటు ముందూ కనబడలేదు.

బుధవారం సాయంత్రం నల్లకోటు వేసుకున్న ఒకావిడ వచ్చింది.

"నేను ఆయన లాయర్ని. తెల్లచొక్కా ఒకటి మీ దగ్గరుండాలి."

"ఉందండీ. ఆయన రాలేదేం?"

"నిన్న తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. ఆ చొక్కా తొడిగి సాగనంపుదామని వచ్చాను."

లాండ్రీ యజమాని చొక్కా తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. కాలరు అట్టలాగా బిగుసుకుని ఉంది. దాన్ని వేళ్ళతో నలిపి మెత్తబరచబోయాడు. అది లొంగలేదు.

లాయరు గుండుసూది గుచ్చిన కాగితం వంక చూసింది.

"సంతకం పెట్టలేదా?"

"నా సంతకంతో ఏం పనండీ?"

"ఈ వీధిలో ఉండేవాళ్ళు ఒక్కరైనా చేరితేనే కేసు నిలుస్తుందని జడ్జిగారు మూడు వాయిదాలు గడువిచ్చారు. ఇవాళ మనిషీ లేడు, సంతకమూ లేదు. మధ్యాహ్నం కొట్టేశారు."

"అయ్యో పాపం. ఆయన ఇల్లు ఆయనకి దక్కకుండానే..."

లాయరు ఆయన ముఖంలోకి చూసింది.

"మీరు అసలు చదవనే లేదా?"

"కస్టమర్ జేబులో దొరికింది మేం..."

జీవితంలో మొదటిసారి ఆ పద్ధతి చెప్పుకోవడానికి ఆయన సిగ్గుపడ్డాడు.

"కస్టమర్ ఇక లేరు," అంది లాయరు. "చదవండి."

లోపలి నుంచి భార్య వచ్చి పక్కన నిలబడింది. ఆయన గుండుసూది తీసి, మడత విప్పాడు.

అర్జీదారు చిరునామా దగ్గర, ముప్పై ఏళ్ళ కిందటే క్యాంపు రన్‌వే కింద కలిసిపోయిన ఇంటి నంబరు ఉంది. క్యాంపును పెంచడానికి ఈ వీధి ఇళ్ళు లాక్కోబోతున్నారని, వాటినైనా కాపాడమని ఆయన కోర్టును వేడుకున్నాడు. ఆ ఇళ్ళ జాబితాలో మొట్టమొదటి నంబరు ఈ లాండ్రీది.